తుడిచి చూస్తేనే కనపడింది

పోయిన వారం మా గోదాములో ఇద్దరు కొత్త కుర్రాళ్లు చేరారు. ఇద్దరికీ ఫోర్క్‌లిఫ్ట్, అంటే గోదాములో సరుకు ఎత్తి పెట్టే బండి, నడపడం వచ్చు, ట్రైనింగ్ కార్డులు కూడా ఉన్నాయి. మొదటి రోజు పొద్దున ఆరింటికి షిఫ్టు ఎక్కగానే వాళ్లలో ఒకడు, బండి తీసే ముందు చూసి నింపాల్సిన చెక్‌లిస్టు పుస్తకం తీసుకుని, నిలబడ్డ చోటే, బండి వైపు ఒక్కసారి కూడా చూడకుండా పై నుంచి కింద దాకా టిక్కులు కొట్టేసి, రాయాల్సిన చోట్లు ఖాళీగా వదిలేసి సంతకం పెట్టేశాడు. నిమిషం కూడా పట్టలేదు. నేను కోప్పడలేదు. "తమ్ముడూ, ఈ బండి ముందు టైర్లు ఎట్లున్నయో చెప్పు" అని అడిగాను. "బాగనే ఉంటయ్ గదన్నా" అన్నాడు.

ఆ "ఉంటయ్" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఉన్నాయి అనలేదు, ఉంటాయి అన్నాడు. ఆ రెండు మాటల మధ్య తేడా ఏమిటో నాకు ఒక దసరా నాడు తెలిసింది. అది వాడికి చెప్పాను, ఇక్కడ కూడా రాస్తే ఇంకో నలుగురు ఆపరేటర్లు చదువుతారని రాస్తున్నాను.

నేను పదకొండేళ్లుగా మేడ్చల్ వైపు గోదాముల్లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాను. ఇప్పుడున్న చోట మూడు టన్నుల డీజిల్ బండ్లు రెండు, బ్యాటరీ బండ్లు మూడు ఉన్నాయి. సబ్బులు, డిటర్జెంట్లు, నూనె డబ్బాలు వస్తాయి, పోతాయి. ర్యాకుల్లో పై అర నాలుగున్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. కింద హమాలీలు, చెకింగ్ చేసేవాళ్లు, లారీ డ్రైవర్లు తిరుగుతూ ఉంటారు. వాళ్లందరి తలల మీదుగా మేం సరుకు ఎత్తుతాం.

ముందు ఈ బండి సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని చిన్న ట్రాక్టరు లాంటిది అనుకుంటారు. కాదు, ఇది తక్కెడ. ముందు చక్రాల ఇరుసు దగ్గర తక్కెడ ముల్లు ఉందనుకోండి. ఒక పక్క ఫోర్కుల (బండి ముందున్న రెండు ఇనుప చేతులు) మీద సరుకు, రెండో పక్క బండి వెనకాల పోతపోసిన ఇనుప దిమ్మ. మా మూడు టన్నుల బండి ఖాళీగా ఉన్నప్పుడే నాలుగు టన్నులు దాటి తూగుతుంది, అందులో పెద్ద వాటా ఆ దిమ్మదే. కెపాసిటీ ప్లేటు మీద 3000 కిలోలు అని ఒక్క అంకె ఉండదు, పక్కన 500 మి.మీ. అని కూడా ఉంటుంది. అంటే సరుకు బరువు మధ్యభాగం ఫోర్కు నిలువు ముఖం నుంచి అర మీటరు దూరంలో ఉంటేనే ఆ మూడు టన్నులు. సరుకు ఇంకా ముందుకు జరిగితే, పైకి ఎత్తిన కొద్దీ, ఎత్తగలిగే బరువు తగ్గిపోతుంది. పైగా నాలుగు చక్రాలున్నా బండి నిజంగా నిలబడేది మూడు చోట్ల: రెండు ముందు చక్రాలు, వెనక ఇరుసు మధ్యలో ఉన్న పిన్ను. ఆ మూడింటినీ కలిపితే వచ్చే త్రిభుజం లోపల బరువు ఉన్నంతసేపు బండి నిలబడుతుంది, బయటికి పోతే పడిపోతుంది.

ఇది అర్థమైతే టైరు గురించి నేనెందుకు అడిగానో కూడా అర్థమవుతుంది. ముందు చక్రాల మధ్య దూరం సుమారు మీటరు ఉంటుంది. ఒక టైరు ఇంకోదాని కంటే ఒక్క సెంటీమీటరు ఎక్కువ అరిగిందనుకోండి, కింద అది కంటికి కూడా ఆనదు. కానీ నాలుగున్నర మీటర్ల ఎత్తులో ప్యాలెట్ (సరుకు పేర్చే పీట) నాలుగున్నర సెంటీమీటర్లు పక్కకు ఒరిగి ఉంటుంది. ర్యాకులో పెట్టేటప్పుడు "ఇవ్వాళ ఎందుకో కుదరడం లేదు" అని ముందుకూ వెనక్కూ తంటాలు పడుతుంటామే, చాలాసార్లు కారణం చేతిలో ఉండదు, టైరులో ఉంటుంది.

ఇక ఆ దసరా సంగతి. అప్పుడు నేను వేరే గోదాములో పనిచేసేవాణ్ని, చేరి రెండేళ్లయింది. అక్కడ శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు, విశాఖలో ఏళ్ల తరబడి పోర్టు పనుల్లో బండ్లు నడిపి వచ్చిన మనిషి. అందరం బాబాయ్ అని పిలిచేవాళ్లం. ఆయుధ పూజ కోసం ముందురోజు సాయంత్రం బండ్లన్నీ కడిగే పని పెట్టుకున్నాం. మీకు తెలుసు కదా, ఏడాదిలో ఆ ఒక్క రోజు బండికి తలంటినట్టే ఉంటుంది. డీజిల్ గుడ్డతో గ్రీజంతా తుడిచి, సబ్బునీళ్లతో కడిగి, పసుపు రాసి బొట్లు పెట్టి, పూలదండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. నేను మాస్ట్ (ఫోర్కులు పైకీ కిందికీ కదిలే నిలువు చట్రం) వైపు ఉన్నాను, బాబాయ్ ఫోర్కులు తుడుస్తున్నాడు. ఉన్నట్టుండి ఆయన చెయ్యి ఆగింది. ఫోర్కు ఎల్ ఆకారంలో వంగే చోట, లోపలి వైపు, గోరుతో అటూ ఇటూ గీకి చూశాడు.

"ఒరే, ఇలా రా. గోరు తగుల్తంది సూడు."

నేను చూస్తే ఏమీ కనపడలేదు. గీత కూడా లేదు, మామూలు ఇనుమే. ఆయన నన్ను పంపించి కిరసనాయిలు, సుద్దముక్క తెప్పించాడు. ఆ వంపు మీద కిరసనాయిలు రాసి, కాసేపు ఆగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసి, సుద్దను పొడి చేసి పైన పలచగా అద్దాడు. రెండు నిమిషాలు చూస్తూ కూర్చున్నాం. తెల్లటి పొడి మీద సన్నగా, తలవెంట్రుకంత మందాన, తడి గీత ఒకటి పైకి తేలింది. లోపలికి ఇంకిన నూనె మళ్లీ పైకి ఊరుతోంది. పగులు. రెండు వేళ్ల వెడల్పు పొడవున.

నాకు ఒళ్లు జలదరించింది. ఆ ముందురోజు మధ్యాహ్నమే అదే ఫోర్కు మీద రెండు టన్నుల పైగా సరుకు ఎత్తి పై అరలో పెట్టాను.

తర్వాత చెక్‌లిస్టు పుస్తకం తిరగేశాం. నెల రోజుల పేజీలన్నిటిలో "ఫోర్క్స్" అన్న వరస ఎదురుగా టిక్కులున్నాయి. అందులో పదికి పైగా నావే. అబద్ధం రాయాలని ఎవరూ రాయలేదు. మేం రోజూ ఫోర్కులు చూసే వాళ్లం, అది నిజం. కానీ గ్రీజు, దుమ్ము, డిటర్జెంటు పొడి కలిసి పేరుకున్న పొరను చూశాం, ఇనుమును చూడలేదు. మెకానిక్‌ను పిలిపించాక ఆయన రంగు స్ప్రే పరీక్ష చేసి అది పగులేనని తేల్చాడు. రెండు ఫోర్కులూ జతగా మార్చారు. ఒకటి మంచిదే కదా అని దాన్ని ఉంచకూడదు, రెండూ ఒకేలా అరిగినవై ఉండాలి. పగిలిన చోట వెల్డింగ్ పెట్టిద్దాం అని ఒకరు సలహా ఇచ్చారు, బాబాయ్ గట్టిగా అడ్డం పడ్డాడు. ఫోర్కు ఇనుము వేడి చేసి చల్లార్చి గట్టిపరిచింది, మన వీధి చివర వెల్డింగ్ షాపులో అంటిస్తే ఆ చుట్టుపక్కల గట్టిదనం మొత్తం చెడిపోతుంది. పైకి అతుకు బాగా కనపడుతుంది, బరువు పడ్డప్పుడు దాని పక్కనే విరుగుతుంది.

అప్పటి నుంచి నా షిఫ్టు గుడ్డపీలికతో మొదలవుతుంది. ఏడాదికోసారి కాదు, రోజూ. మొత్తం బండి కడగనక్కర్లేదు, ఫోర్కు వంపులు రెండూ, చైను చివరలు, సిలిండర్ల రాడ్లు తుడిస్తే చాలు. రెండు మూడు నిమిషాల పని.

ఫోర్కుల గురించి ఇంకొంచెం చెప్తాను, ఎందుకంటే అందరూ తక్కువగా చూసేది వీటినే. పగులు ఒకటి, అరుగుదల ఇంకొకటి. ఫోర్కులను నేలకు రాసుకుంటూ ప్యాలెట్ కిందికి దూర్చే అలవాటు చాలామందికి ఉంది, దానివల్ల వంపు కింది భాగం అరుగుతూ పోతుంది. కొత్తలో ఉన్న మందంలో పదో వంతు అరిగితే ఆ ఫోర్కు పక్కన పెట్టేయాలి. మా బండి ఫోర్కు మందం 45 మి.మీ., అంటే నాలుగున్నర మి.మీ. పోతే దాని పని అయిపోయినట్టే. నాలుగున్నర మి.మీ. అంటే ఎంత, చూడ్డానికి ఏమీ కాదు. కానీ ఆ పదో వంతు అరుగుదలకు ఫోర్కు మోయగలిగే బరువు దాదాపు ఐదో వంతు తగ్గిపోతుంది. కొత్తలో మందం ఎంతో తెలియకపోతే నిలువు భాగం కొలవండి, అది నేలకు రాసుకోదు కాబట్టి అరగదు, దానితో వంపు దగ్గరి మందం పోల్చి చూడండి. ఇది రోజూ కొలవక్కర్లేదు, నెలకోసారి కొలిచి రాసి పెట్టుకుంటే చాలు. రోజూ చూడాల్సింది మాత్రం రెండు మొనలూ ఒకే ఎత్తులో ఉన్నాయా, ఫోర్కు కదలకుండా పట్టే పై లాక్ పిన్ను తన గాడిలో కూర్చుందా అని. ఆ పిన్ను ఊడిపోయి తీగతో కట్టిన బండి కూడా నేను చూశాను. మలుపులో ఫోర్కు పక్కకు జారిపోతే ఆ తీగ ఏం ఆపుతుంది?

తర్వాత చైను. మాస్ట్ లోపల పక్కపక్కనే రెండు చైన్లు ఉంటాయి, మన సరుకంతా వాటికే వేలాడుతుంది. ఫోర్కులు అడుగు ఎత్తు లేపి, బండి ఆపేసి, మాస్ట్ బయటి నుంచే చూడాలి. చెయ్యి లోపలికి పెట్టొద్దు, ఎంత అనుభవం ఉన్నా పెట్టొద్దు. మాస్ట్ సందులో వేళ్లు పోగొట్టుకున్న ఆపరేటర్ నాకు తెలుసు, ఆయనకు నా కంటే ఎక్కువ అనుభవం ఉంది. పొడుగాటి కర్రతో రెండు చైన్లనూ నొక్కి చూస్తే బిగువు రెండింటిలో ఒకేలా ఉందో లేదో తెలిసిపోతుంది. ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా ఉంటే బరువంతా ఒక్క దాని మీదే పడుతోందన్న మాట. తుప్పు, తిరగకుండా బిగుసుకుపోయిన లింకు, పక్కకు జరిగిన పిన్ను కనపడితే ఆ బండి ఆ రోజుకు ఆగాల్సిందే. చైను సాగడానికి కూడా లెక్క ఉంది: నూటికి మూడు వంతులు. కొత్త చైనులో 300 మి.మీ. ఉన్న ముక్క 309 దాకా సాగితే మార్చేయాలి. రబ్బరులా సాగదు, లోపల పిన్నులు అరిగి పొడుగవుతుంది, అందుకే పైకి గ్రీజు పూసి ఉంటే అస్సలు తెలియదు.

నూనె కారడం కనిపెట్టడానికి బాబాయ్ నేర్పిన పద్ధతి చాలా సులువు, పైసా ఖర్చు లేదు. రాత్రి బండి పెట్టేటప్పుడు కింద ఒక అట్టపెట్టె విప్పి పరిచేయడమే. మన దగ్గర అట్టలకు కరువా! పొద్దున బండి వెనక్కి తీసి అట్ట చూస్తే మొత్తం కథ తెలుస్తుంది. మరక నల్లగా మధ్యలో ఉంటే ఇంజిను ఆయిలు. పలచగా పసుపు రంగులో ముందు వైపు ఉంటే ఫోర్కులు లేపే లిఫ్టు సిలిండరో, మాస్ట్‌ను ముందుకూ వెనక్కూ వంచే టిల్టు సిలిండరో. వెనక చక్రాల దగ్గర ఉంటే స్టీరింగ్ సిలిండరు. ఆకుపచ్చగా ఉంటే కూలెంటు. మరక ఎంత ఉందో కూడా ముఖ్యమే, నిన్న రూపాయి బిళ్లంత ఉన్నది ఇవ్వాళ అరచేయంత అయితే మెకానిక్‌కు ఫోన్ చేయాలి.

దీని పక్కనే ఒక హెచ్చరిక. ఒత్తిడితో ఆయిలు పోయే హోస్ పైపు ఎక్కడ కారుతోందో తెలుసుకోడానికి చేత్తో తడమొద్దు. పైపులో సూదిమొనంత రంధ్రం ఉంటే ఆ ఒత్తిడికి ఆయిలు సన్నటి చినుకుల్లా కొడుతుంది, కంటికి కనపడదు, చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. మొదట చీమ కుట్టినట్టే ఉంటుందట, నొప్పి కూడా పెద్దగా ఉండదు, కొన్ని గంటల్లో చెయ్యి పాడవుతుంది. అలాంటిది జరిగితే కట్టు కట్టుకుని ఇంటికి పోవద్దు, వెంటనే పెద్దాసుపత్రికి పోయి హైడ్రాలిక్ ఆయిలు లోపలికి పోయిందని మాట దాచకుండా చెప్పాలి, ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. వెతకడానికి అట్టముక్క అడ్డం పెట్టి చూడండి, చెయ్యి కాదు.

బ్యాటరీ బండి అయితే కథ వేరు. చార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది, ఆ గదిలో బీడీ, సిగరెట్టు, అగ్గిపుల్ల ఏదీ కుదరదు, గాలి ఆడాలి. డిస్టిల్డ్ వాటర్ చార్జింగ్ అయ్యాకే పోయాలి. ముందే నిండా పోస్తే చార్జింగ్‌లో లోపలి ద్రవం పెరిగి యాసిడ్ పొంగి పైకి వస్తుంది, బ్యాటరీ పెట్టె తుప్పు పడుతుంది. ప్లేట్లు పైకి తేలి ఉంటే మాత్రం అవి మునిగేంత పోసి చార్జింగ్ పెట్టి, మిగతాది తర్వాత. వేలికి ఉంగరం, చేతికి కడియం ఉంటే తీసి పక్కన పెట్టండి, కళ్లద్దాలు పెట్టుకోండి. ఇంకొకటి చాలామందికి తెలియదు: బ్యాటరీ బండిలో బ్యాటరీ కూడా తక్కెడలో భాగమే. పాతది పోయిందని బరువు తక్కువ ఉన్న వేరే బ్యాటరీ పెడితే వెనక బరువు తగ్గి బండి ముందుకు వంగే ప్రమాదం ఉంటుంది, అందుకే కెపాసిటీ ప్లేటు మీద బ్యాటరీ కనీస బరువు కూడా రాసి ఉంటుంది.

డీజిల్ బండికి ఆయిలు, కూలెంటు, ఫ్యాన్ బెల్టు చూడటం అందరికీ తెలిసిందే, దాని మీద ఎక్కువ రాయను. రేడియేటర్‌లో అట్టల నూగు పేరుకుంటుంది, అది ఒక్కటి చూడండి. వేడి మీద మూత తీయొద్దు.

ఇంతదాకా ఇంజిను ఆపి చూసేవి. ఎక్కాక చేసేవి వేరే. ముందు సీటు బెల్టు. దీన్ని చూస్తే కుర్రాళ్లు నవ్వుతారు, గంటకు పది కిలోమీటర్ల బండికి బెల్టు ఎందుకని. బండి పక్కకు ఒరుగుతున్నప్పుడు మనిషికి సహజంగా దూకాలని అనిపిస్తుంది, దూకిన వాడి మీదే ఆ పైన ఉన్న ఇనుప చట్రం పడుతుంది. లోపలే ఉండి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, కాళ్లు బిగించి, పడే వైపుకు కాకుండా రెండో వైపుకు ఒరగాలి. ఆ క్షణంలో మనల్ని లోపల పట్టి ఉంచేది బెల్టే. కాబట్టి బెల్టు ఉందా అని కాదు, లాగితే వస్తోందా, గట్టిగా గుంజితే పట్టేస్తోందా, బకిల్ పడుతోందా అని చూడాలి.

తర్వాత బ్రేకు పెడల్ తొక్కి పట్టుకుని పది లెక్కపెట్టండి. కాలి కింద మెల్లగా దిగిపోతుంటే లోపల ఎక్కడో పోతోంది. హ్యాండ్ బ్రేకు, హారన్, రివర్స్ బజరు, లైట్లు, వెనక నేల మీద పడే నీలం లైటు. స్టీరింగ్ రెండు వైపులా చివరి దాకా. మాస్ట్ ఖాళీగా ఒకసారి పూర్తి ఎత్తుకు లేపి దించాలి, అప్పుడు చప్పుడు వినాలి. నా లెక్కలో ఇది అన్నిటికన్నా మంచి పరీక్ష. రోజూ ఒకే బండి నడిపేవాడికి దాని గొంతు తెలుస్తుంది. ఒక చోట కరకరమన్నా, ఒక అంగుళం ఆగి కదిలినా, ఇంట్లో పిల్లాడు నిద్రలో దగ్గితే తల్లికి తెలిసినట్టు తెలిసిపోతుంది. అందుకే తనిఖీ చేసే పది నిమిషాలు రేడియో, ఫోను అన్నీ ఆపేయమంటాను.

ఇది మన దగ్గర ఎవరో ఇష్టంతో చేసే పని అనుకుంటారు. కానీ అమెరికాలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా నిబంధన 1910.178 లోనే ఉంది: బండిని పనిలోకి తీసే ముందు కనీసం రోజుకొకసారి చూడాలి, రాత్రింబగళ్లు నడిచే బండి అయితే ప్రతి షిఫ్టు తర్వాతా చూడాలి, భద్రత లేదనిపిస్తే పనిలో పెట్టకూడదు. మన దగ్గర 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ కూడా బరువులెత్తే యంత్రాలనూ చైన్లనూ ఏడాదికి కనీసం ఒకసారి అర్హత ఉన్న వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించాలని రాసింది. ఏడాదికోసారి వచ్చే ఆయన వస్తాడు, స్టిక్కరు అంటిస్తాడు, పోతాడు. మిగిలిన 364 రోజులు ఆ బండికి దిక్కు మనమే.

ఇప్పుడు అసలు నన్ను బాధపెట్టే విషయం. మా చెక్‌లిస్టులో ముప్పైకి పైగా వరసలు ఉండేవి, మొత్తం ఇంగ్లీషులో. నడిపేది ఎవరు? నల్గొండ, శ్రీకాకుళం, ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు. పదో తరగతి దాటని వాళ్లే ఎక్కువ. చదవలేని కాగితం మీద మనిషి ఏం చేస్తాడు, పైనుంచి కింద దాకా టిక్కులు కొడతాడు. తప్పు వాడిది అని నేను ఒప్పుకోను. అర్థం కాని ప్రశ్నకు జవాబు అడిగి సంతకం పెట్టించుకోవడం కాగితాన్ని కాపాడుతుంది గానీ మనిషిని కాపాడదు.

రెండేళ్ల కిందట మేనేజర్ గారిని అడిగి నేనే తెలుగులో రాశాను. ముప్పై వరసలు పద్నాలుగు చేశాను. "ఫోర్క్స్ కండిషన్" అన్నదాన్ని "ఫోర్కు వంపు గుడ్డతో తుడిచి గోరుతో చూశావా?" అని మార్చాను. "ఆయిల్ లీకేజ్" బదులు "అట్ట మీద మరక ఎక్కడ ఉంది, ఎంత ఉంది?" అని. సగం వరసల్లో టిక్కు పెట్టే గడే లేకుండా తీసేశాను, ఏదో ఒకటి రాయాల్సిందే: గంటల మీటరు ఎంత, ఆయిలు గీతకు పైనా కిందా, బ్రేకు తొక్కితే ఎంత లెక్క దాకా ఆగింది. దగ్గరికి పోకుండా అంకె రాయలేరు, అదే నాకు కావాల్సింది. హిందీ వాళ్ల కోసం ఒక బీహారీ తమ్ముడు అదే కాగితం హిందీలో రాసి ఇచ్చాడు. మొదటి వారంలోనే రెండు బండ్లలో హారన్ పనిచేయడం లేదని, ఒకదాంట్లో బెల్టు పట్టడం లేదని రాశారు. ముందు కూడా పనిచేసి ఉండవు. రాసే చోటు ఇప్పుడు దొరికింది.

రాయడం ఒక ఎత్తు, ఆపడం ఇంకో ఎత్తు. "ఈ బండి ఇవ్వాళ తియ్యను" అని చెప్పడం చాలా కష్టం, అది నాకు తెలుసు. డాక్ (సరుకు ఎక్కించి దించే చోటు) దగ్గర నాలుగు లారీలు నిలబడి ఉంటాయి, డ్రైవర్లు అరుస్తుంటారు, సూపర్‌వైజర్ మీద పైనుంచి టెన్షన్, ఆయన వచ్చి "అన్నా, రెండు ట్రిప్పులే, జర తీస్కపో, మధ్యాహ్నం చూపిద్దాం" అంటాడు. చెడ్డవాడు కాదు, ఆయన నెత్తి మీద ఆయన బరువు ఉంది. ఆ మాటకు నేను కూడా చాలాసార్లు తల ఊపాను. ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. వాదించను. తాళం తీసి జేబులో వేసుకుంటాను, స్టీరింగ్‌కు ఎర్ర ట్యాగు కడతాను, ఏం చూశానో అదే ట్యాగు మీద తేదీతో రాస్తాను. తర్వాత సూపర్‌వైజర్‌ను బండి దగ్గరికి తీసుకొచ్చి, చెప్పకుండా చూపిస్తాను. చెప్తే "ఏం గాదు" అనడం తేలిక. కారుతున్న రాడ్డు ముందు నిలబెట్టి, అట్ట మీద మరక చూపించి, "మీరు సంతకం పెట్టండి సార్, తీస్కపోతా" అంటే ఇప్పటిదాకా ఒక్కరూ పెట్టలేదు.

కొత్త కుర్రాడికి ఇదంతా చెప్పాక మర్నాడు పొద్దున గుడ్డ చేతికిచ్చి వాణ్నే చేయమన్నాను. ఇరవై నిమిషాలు పట్టింది, లారీ డ్రైవర్ ఒకాయన గొణిగాడు, పట్టనివ్వమన్నాను. ఎడమ ముందు టైరులో అరచేయంత ముక్క లేచిపోయి ఉందని వాడే కనిపెట్టాడు. అదే టైరు, మొదటి రోజు "బాగనే ఉంటయ్" అన్నది. ఆ బండి ఆపాం, టైరు మార్చడానికి రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులూ ఒక బండి తక్కువతో, చేతి ట్రాలీలతో నెట్టుకొచ్చాం. ఎవరూ వాణ్ని ఒక్క మాట అనలేదు.

ఈ పొద్దున అట్ట మీద టిల్టు సిలిండరు కింద చిన్న పసుపు మరక, రూపాయి బిళ్లంత. వాడు దాని చుట్టూ పెన్నుతో గీత గీసి, పక్కన తేదీ వేశాడు. నేను చెప్పలేదు, వాడికే తట్టింది. షిఫ్టు దిగేముందు ఇద్దరం కలిసి ఇంకో అట్ట విప్పి బండి కింద పరిచి వచ్చాం.